సెలవు ముగించుకుని విధుల్లో చేరిన పరీక్ష

చైనా చక్రవర్తుల కాలంనాటి ఉద్యోగ పరీక్షలు 1905లో రద్దయ్యాయని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఇది తొందరపాటు నిర్ధారణ. 'కేజు' అనే ఆ పరీక్ష, మధ్యలో కొన్ని విరామాలు తప్ప, దాదాపు 1300 ఏళ్లు పనిచేసి అలిసిపోయింది. 82 ఏళ్లు దీర్ఘకాలిక సెలవు తీసుకుని 1987 సెప్టెంబరులో తిరిగి విధుల్లో చేరింది. కన్‌ఫ్యూషియస్ గ్రంథాలు పక్కన పెట్టి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుంది. మిగతా సర్వీసు రికార్డంతా యథాతథం.

దాని ప్రస్తుత హోదా చైనా కాలేజీ విద్యార్థులు రాసే 'కాలేజీ ఇంగ్లీషు పరీక్ష - నాలుగో స్థాయి'. నాలుగుతో తృప్తి చెందనివారి కోసం 1989 జనవరిలో ఆరో స్థాయి కూడా వచ్చింది. ఒకటి, రెండు, మూడు, అయిదు ఏమయ్యాయని అడిగేవారు ఉంటారు. అలా అడిగేవారికి పరీక్షలు అచ్చిరావు. ఏటా జూన్‌లో, డిసెంబరులో ఒకే రోజు పొద్దున నాలుగో స్థాయి, మధ్యాహ్నం ఆరో స్థాయి జరుగుతాయి. గనుల ఇంజనీరు కాబోయేవాడు, పశువైద్యుడు కాబోయేవాడు, తాంగ్ వంశపు కవిత్వం మీద పరిశోధన చేయబోయే అమ్మాయి ఒకే గదిలో కూర్చుని 2బి పెన్సిల్‌తో గళ్లు నింపుతారు.

మొత్తం మార్కులు 710. ఇది జాతకం చూసి పెట్టిన సంఖ్య కాదు, గణాంక శాస్త్రజ్ఞులు పెట్టినది. సగటు 500 వచ్చేలా మార్కులను సరిచేసి ఇస్తారు కాబట్టి, మీకు ఎంత ఇంగ్లీషు వచ్చో ఆ అంకె చెప్పదు; గుంపులో మీరు ఎక్కడ నిలబడ్డారో చెబుతుంది. 2005 సంస్కరణల తర్వాత ఉత్తీర్ణత మార్కు అనేదే లేదు, సర్టిఫికెట్ కూడా లేదు, మార్కుల పత్రం మాత్రమే ఇస్తారు. ఎంతో ఉదారమైన నిర్ణయం. అయితే ఆరో స్థాయి రాయాలంటే నాలుగులో 425 రావాలి. ఉద్యోగమిచ్చే యజమాని 425 ఉందా అంటాడు. సంక్రాంతికి ఇంటికి చేరే మన పిల్లల్లాగే వసంతోత్సవానికి, అంటే చైనా కొత్త సంవత్సరానికి, ఊరెళ్లే పిల్లవాణ్ణి మేనత్త కూడా అదే అడుగుతుంది. ఉత్తీర్ణత మార్కు లేని దేశంలో 424 వచ్చినవాడి మొహం చూడాలి.

ఇక సన్నద్ధత. నాలుగో స్థాయికి సుమారు 4500 మాటలు రావాలంటారు. పదకోశాలు అక్షరక్రమంలో ఉంటాయి. విద్యార్థి సెమిస్టరు మొదట్లో మహోత్సాహంతో 'ఎ' దగ్గర మొదలుపెడతాడు, 'సి' దాటేలోపు చలికాలం వస్తుంది. తర్వాతి సెమిస్టరులో కొత్త పట్టుదలతో మళ్లీ 'ఎ'. అందువల్ల ఆ మొదటి అక్షరంతో మొదలయ్యే మాటల విషయంలో చైనా యువతతో పోటీపడగల జాతి ఈ భూమ్మీద లేదని నా అంచనా. పుస్తకాన్ని పక్కనుంచి చూస్తే మొదటి అర అంగుళం నల్లగా మాసి, మిగతాదంతా మల్లెపువ్వులా మెరుస్తుంటుంది. ఇప్పుడు పుస్తకం బదులు బైత్సిజాన్ లాంటి ఫోను ఆప్‌లు వచ్చాయి. ప్రతి మాటకూ ఒక బొమ్మ చూపిస్తాయి. రోజుకిన్ని మాటలు ముగించాక ఆ సంగతి నలుగురికీ తెలిసేలా హాజరు వేయించుకోవచ్చు. నూరు రోజుల హాజరు పూర్తయిన సంగతి మిత్రులందరికీ గుర్తుంటుంది, మాటలు ఎవరికి గుర్తున్నాయన్నది వ్యక్తిగత విషయం.

వ్యాస రచన దగ్గర మాత్రం మనం కాసేపు ఆగి నమస్కరించాలి. మింగ్, చింగ్ వంశాల కాలంలో కేజు పరీక్షలో 'అష్టపాద వ్యాసం' అనే ప్రక్రియ ఉండేది. విషయాన్ని ఎలా విప్పాలి, ఎలా అందుకోవాలి, ఏ పాదానికి ఏ పాదం జోడీగా నిలబడాలి అన్నీ ముందే నిర్ణయమై ఉండేవి. అభ్యర్థి చేయాల్సిందల్లా తన సొంత ఆలోచన ఎక్కడా చొరబడకుండా కాపలా కాయడం. దేశం వెనకబడటానికి ఇదే కారణమని సంస్కర్తలు దుమ్మెత్తిపోశారు. చివరికి దాన్ని పాతిపెట్టారు. నేటి నాలుగో స్థాయి వ్యాసం 120 నుంచి 180 మాటలు. మొదటి పేరాలో 'సమాజం శరవేగంగా అభివృద్ధి చెందుతున్న ఈ రోజుల్లో' అని విప్పాలి. రెండో పేరాలో కారణాలు మూడు. మూడే, మూడుకు తగ్గినా పెరిగినా అపశకునం. చివరి పేరాలో 'కాబట్టి మనమందరం చేయి చేయి కలిపి' అని ముగించాలి. మధ్యలో ఖాళీ గీత. అందులో ఆన్‌లైన్ చదువు పెట్టినా, పర్యావరణం పెట్టినా, వృద్ధుల పట్ల గౌరవం పెట్టినా వ్యాసం కుదురుగా కూర్చుంటుంది. ఎనిమిది కాళ్లలో అయిదు తగ్గాయి, నడక మాత్రం అదే. ఆ మాటకొస్తే 'నేటి ఆధునిక యుగంలో' అంటూ పదో తరగతి వ్యాసాలు రాసి పెరిగిన మనకు ఈ సంప్రదాయాన్ని చూసి నవ్వే హక్కు లేదు. కళ్లు చెమర్చాలి.

వినికిడి పరీక్ష మరో ఘట్టం. మొత్తం మార్కుల్లో 35 శాతం దీనిదే. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ రికార్డింగును ఎఫ్ఎం రేడియోలో ప్రసారం చేస్తారు. అందుకని జూన్, డిసెంబరు నెలల్లో క్యాంపస్ దుకాణాలన్నీ చిన్న యాంటెనా ఉన్న హెడ్‌ఫోన్లు వేలాడదీస్తాయి. ఏడాది పొడవునా బ్లూటూత్ చెవిలో పెట్టుకు తిరిగే తరం, ఆ ఒక్క రోజు తాతల కాలంనాటి పరికరం నెత్తిన పెట్టుకుని తరంగం వెతుక్కుంటుంది. ఒకరు తల ఎడమకు వంచుతారు, ఒకరు కిటికీ వైపు జరుగుతారు. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. వార్తలు, సంభాషణలు, ఉపన్యాసాలు ఏవీ రెండోసారి రావు. సరిగ్గా అప్పుడే బ్యాటరీ అయిపోతే, ఆ అభ్యర్థికి ఇంగ్లీషు రాదని కంప్యూటర్ నమోదు చేస్తుంది. వినడం అయిన వెంటనే మొదటి జవాబు పత్రం లాక్కుంటారు. వ్యాసం కూడా దాంట్లోనే ఉంది కాబట్టి 'కాబట్టి' దగ్గర ఆగినవాడు జీవితాంతం అక్కడే ఆగుతాడు.

ఏమీ చదవనివారికి కూడా సమాజం దారి చూపించింది. నాలుగు జవాబుల్లో మూడు పొడుగ్గా ఒకటి పొట్టిగా ఉంటే పొట్టిది, మూడు పొట్టిగా ఒకటి పొడుగ్గా ఉంటే పొడుగుది ఎంచుకోమని అక్కడ ఒక ప్రాసబద్ధమైన సూక్తి ఉంది. ఇంతకు మించిన భాషాశాస్త్రం అవసరమా? ఫలితాలకు ముందు అదృష్టచిహ్నమైన కోయి చేప బొమ్మను నలుగురికీ పంపడం అదనపు జాగ్రత్త.

అనువాదం 2013 డిసెంబరు నుంచి పూర్తి పేరాగా మారింది. ఇక్కడే ఈ పరీక్ష అసలు ఔన్నత్యం బయటపడుతుంది. చైనీసు క్రియకు కాలం ఉండదు, నామవాచకానికి బహువచనపు తోక ఉండదు, 'అతను', 'ఆమె' ఉచ్చారణలో ఒకటే. అలాంటి భాషలోంచి అలాంటి ఇబ్బందులన్నీ ఉన్న భాషలోకి పిల్లలు దూకాలి. ఏ విషయం మీద? దారి అడగడమా, బ్యాంకుకు ఉత్తరం రాయడమా? ఛీ. మొదటి విడతలోనే చైనా ముడుల అల్లిక, తేనీరు, పట్టు రహదారి, శరత్పూర్ణిమ పండుగ, ఉద్యానవనాలు ఇచ్చారు. 2017 డిసెంబరులో నాలుగో స్థాయికి పర్వతాలు వచ్చాయి, ఆరుకు సరస్సులు. ఒకే గదిలో వేర్వేరు ప్రశ్నపత్రాలు ఇస్తారు కాబట్టి ఒకడికి తాయ్‌షాన్ కొండ, పక్కవాడికి హ్వాషాన్, వెనకవాడికి హ్వాంగ్‌షాన్ తగిలాయి. ఎవరి కొండ వారే ఎక్కాలి. సాయంత్రానికి పిల్లలు తమ అనువాదాలను వీబో అనే అక్కడి సోషల్ మీడియాలో పెట్టుకుని పొర్లి పొర్లి నవ్వుతారు. ఆ విధంగా, గొంతు నొప్పిగా ఉందని ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పలేని యువకుడు కూడా, అడిగితే, ఉద్యానవన నిర్మాణంలో కొలనుకున్న ప్రాధాన్యాన్ని వివరించగలడు. ఇంతవరకు ఎవరూ అడగలేదు. అది ప్రపంచం చేసిన పొరపాటు.

మరి మాట్లాడటం? ఆ పరీక్ష కూడా ఉంది. 1999లో మొదలైంది, విడిగా ఉంటుంది, ఇష్టమైతే రాయవచ్చు. ఒకప్పుడు దానికి కూర్చోవాలంటే నాలుగో స్థాయి రాతపరీక్షలో 550, లేదా ఆరులో 520 దాటి ఉండాలనే నియమం ఉండేది. నోరు తెరవడానికి ముందు చేతితో అర్హత నిరూపించుకోవాలన్నమాట. ఇంత క్రమశిక్షణ పెట్టినా, దేశంలో 'మూగ ఇంగ్లీషు' పెరిగిపోయిందని కొందరు వాపోతారు. మూగతనానికి విరుగుడుగా కేకలు వచ్చాయి. లాంజౌ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతూ ఇంగ్లీషులో వరసగా తప్పిన లీ యాంగ్, ఆరుబయట నిలబడి కొన్ని నెలలపాటు ఇంగ్లీషు వాక్యాలు అరిచి అరిచి ఈ నాలుగో స్థాయి పరీక్షలోనే విశ్వవిద్యాలయంలో రెండో స్థానం తెచ్చుకున్నానని చెప్పుకుంటారు. తర్వాత 'క్రేజీ ఇంగ్లీష్' పేరుతో స్టేడియాల నిండా జనం చేత అరిపించారు. మార్కులు రాని రాతపరీక్షకు కేకలు మందు అని కనిపెట్టడం మామూలు ప్రతిభ కాదు.

ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన తప్పదు. వైద్యవిద్య కోసం చైనా వెళ్లిన తెలుగు విద్యార్థులకు పాఠాలు ఇంగ్లీషులోనే. కానీ ఆస్పత్రి వార్డులో రోగి చైనీసులో మూలుగుతాడు. అందుకని వాళ్లు హెచ్ఎస్‌కే అనే చైనీసు భాషా పరీక్ష రాయాలి. కడుపునొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని అడగడానికి మనవాడు చైనీసు నేర్చుకుంటున్నాడు. ఇలాంటి స్వార్థ ప్రయోజనాలు భాషాధ్యయనాన్ని కలుషితం చేస్తాయి. అదే క్యాంపస్‌లో తెల్లవారుజామున చెరువు గట్టు మీద నిలబడి ఇంగ్లీషు పేరాలు గట్టిగా వల్లెవేసే స్థానిక విద్యార్థిని చూడండి; ఆ ఇంగ్లీషుతో ఎవరితోనూ ఏమీ పని లేదు. నిష్కామ కర్మ అంటే అది.

ఈ నిష్ఠకు 2023 సెప్టెంబరులో ఒక దెబ్బ తగిలింది. షీఆన్ జియాఓతోంగ్ విశ్వవిద్యాలయం డిగ్రీ పట్టాకూ ఈ పరీక్ష మార్కులకూ ముడి విప్పేసింది. అధికారికంగా పరీక్షకూ పట్టాకూ సంబంధం లేదని ఎప్పటినుంచో అంటున్నా, చాలా విద్యాసంస్థలు ముడి వదల్లేదు. ఇప్పుడొకరు వదిలితే దేశమంతా చర్చ. చర్చలో పాల్గొన్నవారు ఆందోళన పడనక్కర్లేదు. పట్టా అడగకపోతే కంపెనీ అడుగుతుంది. ఇంటర్వ్యూ చైనీసులో జరుగుతుంది, పని చైనీసులో జరుగుతుంది, ఫైలులో మాత్రం ఆరో స్థాయి పత్రం ఉండాలి. నిప్పు రాజుకున్నప్పుడు పనికొచ్చే బకెట్టులా, గోడకు వేలాడుతూ.

చివరిగా ఒక క్రమశిక్షణా రాహిత్యాన్ని అధికారుల దృష్టికి తేవాలి. న్యూ ఓరియంటల్ కోచింగ్ సంస్థను 1993లో స్థాపించిన యూ మిన్‌హోంగ్ స్వయంగా రెండుసార్లు కాలేజీ ప్రవేశపరీక్ష తప్పి మూడోసారి పెకింగ్ విశ్వవిద్యాలయంలో చేరినవారు. ఇలాంటి పరీక్షలకు పిల్లలను తయారుచేస్తూ ఆ సంస్థ మహావృక్షమైంది. 2021లో ప్రభుత్వం బడిపిల్లల ట్యూషన్ వ్యాపారాన్ని కట్టడి చేసింది. పని తగ్గిన ఆ సంస్థ ఇంగ్లీషు పంతుళ్లు కెమెరా ముందు నిలబడి ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మడం మొదలుపెట్టారు. 2022 జూన్‌లో దోంగ్ యూహుయ్ అనే పంతులు గొడ్డుమాంసం ముక్క చూపిస్తూ, దానికి సంబంధించిన ఇంగ్లీషు మాటలు తెల్లబోర్డు మీద రాసి వివరిస్తుంటే జనం విరగబడి చూశారు. బియ్యం కొన్నారు, మొక్కజొన్న కండెలు కొన్నారు, మాటలు కూడా కొన్ని నేర్చుకున్నారట. పాఠం ముగిశాక అక్కడ ఎవరికీ జవాబు పత్రం ఇవ్వలేదు. హెడ్‌ఫోన్లు తనిఖీ చేయలేదు. సగటు 500కు సరిచేయలేదు. ఇంత బహిరంగంగా ఇంగ్లీషు నేర్పుతుంటే సంబంధిత పరీక్షా సంఘం ఇంకా నోటీసు ఎందుకు పంపలేదో అర్థం కావడం లేదు.