తప్పంతా రాళ్లదే

తిరుమల అడవిలో జలపాతం ఉన్న తుంబురు తీర్థానికి వెళ్లొచ్చినవాళ్ల మోకాళ్లు చూస్తే ఒకటి మాత్రం తేలిపోతుంది: శేషాచలం కొండల్లో రాళ్లకు బొత్తిగా మర్యాద తెలియదు. ఫాల్గుణ పౌర్ణమి నాటి ముక్కోటి తీర్థస్నానానికి జనం పాపవినాశనం దాటి, అడవిలో పడి అంత దూరం వస్తుంటే, ఆ ఒక్క రోజుకైనా అవి పాచి వదిలించుకుని కూర్చోవద్దూ?

రాయి చేసే మోసం ఎక్కడుందో చూడండి. ఎండిన బండ గరుగ్గా ఉండి పాదాన్ని పట్టుకుంటుంది. నీళ్లలో మునిగిన ఇసుకా మోస్తుంది. ఈ రెంటికీ మధ్య, తడిసీ తడవనట్టు నల్లగా నిగనిగలాడే జానెడు మేర ఉంటుందే, అక్కడే పాచి పల్చగా పరుచుకుని ఉంటుంది. బట్టలు తడవకూడదనుకునే పెద్దమనిషి సరిగ్గా దాని మీదే కాలేస్తాడు. తరవాత బట్టలతో పాటు అన్నీ తడుస్తాయి. మడమకు పట్టీ, అడుగున లోతైన గాళ్లు ఉన్న శాండల్స్ అయితే నిలబెట్టేవే. కానీ ఫొటోలో ఏం బాగుంటాయి? అందుకని నున్నగా అరిగిన హవాయి చెప్పులు. వాటికి జోడీగా జీన్స్. మొలలోతు నీళ్లలో ఒక్కసారి దిగితే చాలు, అది సాయంత్రం దాకా ఆరదు, తొడలు ఒరిపిస్తూనే ఉంటుంది.

ఇక మడుగులు. నీళ్లు తేటగా ఉంటే అడుగు పైకి తేలినట్టు కనిపిస్తుంది. నిలువునా చూసినప్పుడు మూడడుగులనిపించేది నిజానికి నాలుగు. పైగా కింద బండరాయి. కర్రతో తడిమి దిగేవాడిని పిరికివాడంటాం, దూకేవాడిని వీడియో తీస్తాం.

గుండె జబ్బు, ఉబ్బసం, స్థూలకాయం ఉన్నవాళ్లు రావద్దని దేవస్థానం చెబుతుంది. ఆ మాట మన గురించి కాదు, బావమరిది గురించి.

వాగుకు కబురు చెప్పే అలవాటు లేదనడం మాత్రం అన్యాయం. లోయలో ఎండ కాస్తున్నా పైన కొండమీద వాన పడితే నీళ్లు ఎర్రబారతాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, పైనుంచి హోరు వినిపిస్తుంది. బ్యాగు అవతలి ఒడ్డున ఉన్నా సరే, దాన్ని వదిలేసి ఇవతలి గట్టే ఎక్కాలి. అయితే స్పీకరు మోగుతుంటే హోరెలా వినపడుతుందండీ?

తీరా చేరాక జలపాతం కింద తలపెట్టి నిలబడతాం. నీళ్లతో పాటు గులకరాళ్లూ పడతాయని దానికి ముందే చెప్పాలనిపించదు. వెనక్కి రావడం ఇంకో పెద్ద కుట్ర: అవే రాళ్లు, అలిసిన కాళ్లు, పైగా నిటారు గోడల మధ్య ఎండ తొందరగా పోతుంది. మధ్యాహ్నానికే వెనుదిరగమంటే వినేదెవరు?

కాబట్టి విన్నపమేమిటంటే, బండలకు గరుకు పలకలు వేయించాలి, మడుగులకు లోతు రాసిన బోర్డులు పెట్టాలి, జలపాతం పక్కన ఛార్జింగ్ పాయింటు ఉండాలి. మిర్చి బజ్జీల బండి గురించి అడగక్కర్లేదు, అనుమతిస్తే అదే వస్తుంది.