600కు 1 గారికి, పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ 600కు 1 గారికి,

ఉభయకుశలోపరి. 1980లో జెరూసలెంలోని తల్పియోత్‌లో అపార్ట్‌మెంట్లకి తవ్వుతుంటే పాత సమాధి బయటపడింది. లోపల పది రాతి ఎముకల పెట్టెలు, ఆరింటి మీద పేర్లు: యోసేపు కొడుకు యేసు, మరియ, యోసే, మత్తయి, మరియమ్నె, యేసు కొడుకు యూదా. అది యేసుక్రీస్తు కుటుంబం కాకపోవడానికి 600లో ఒక్క వంతే అవకాశమని 2007లో టీవీలో మిమ్మల్ని పల్లకీలో ఊరేగించారు.

మీ జాతకం చూశాను. ఒక్కో పేరు ఎంతమందిలో ఒకరికి ఉండేదన్న అంకెలు తీసుకుని, 190ని 160తో, 4తో, 20తో గుణిస్తే 24 లక్షల పైచిలుకు. దాన్ని పక్షపాతం తీసేయడానికని ఓసారి 4తో, ఆ ఊరి సమాధుల పేరు చెప్పి మరోసారి 1000తో భాగిస్తే మీరు. కూడికల్లో తప్పు లేదు. మా వీధి కిరాణా కొట్టాయనా కూడికల్లో తప్పు చేయడు. తూకం దగ్గరే చూసుకోవాలి.

గుణించిన ఆ 4 మరియది. అప్పట్లో నలుగురాడవాళ్లలో ఒకరు మరియే. 160 మాత్రం మరియమ్నెని మగ్దలేనే మరియ అని ముందే పీటేసి కూర్చోబెడితే వచ్చిన అంకె. అసలది ఒక పేరు కాదు, మరియమె, మారా అని ఇద్దరివని చదివినవాళ్లూ ఉన్నారు. మత్తయిని సువార్తల కుటుంబంలో లేడని లెక్కలోంచి తీసేశారు. యూదానీ పక్కన పెట్టారు. మనవాళ్లు కానివాళ్లని బంతిలోంచి లేపేసి, "చూశారా, కూర్చున్నవాళ్లంతా మనవాళ్లే" అన్నట్టుంది. ఊహలు నిజమైతేనే ఈ లెక్క అని వేసిన టొరంటో ప్రొఫెసరు చెప్పుకున్నారు, పాపం. పల్లకీ మోసేవాళ్లకి అది వినపడలేదు.

ఇక నా గోల. మా నాన్నమ్మ పోయాక ఇత్తడి బిందె దగ్గర తగువొచ్చింది. మెడ కింద చుక్కలతో పొడిచిన పేరు, సింహాచలం. "మా తాతది, ఇంటి ఆస్తి" అంటాడు చిన్నాన్న. "మా అమ్మమ్మది, సారెలో వచ్చింది, ఆడపిల్లకే చెందాలి" అంటుంది అత్త. ఇద్దరూ సింహాచలాలే. మా వైపు మగవాళ్లకీ ఆడవాళ్లకీ అదే పేరు. పక్కన ఒక గుండ్రం కూడా ఉంది. అత్త దాన్ని తెలుగు సున్నా అంటుంది, చిన్నాన్న ఒడియా ఠ అంటాడు. చింతపండుతో తోమి తోమి అదీ సగం అరిగిపోయింది.

మీరొచ్చి తేల్చాలి. నౌపడాలో గుణుపురం బండెక్కి పర్లాకిమిడిలో దిగండి. స్టేషన్లో సింహాచలం గారి ఇల్లెక్కడని మాత్రం అడక్కండి.

ఇట్లు,
బిందె కాపలాదారు