ఎక్స్‌రేలో లేకపోతే పాదంలో లేనట్టేనా?

పెద్దవాళ్ల పాదాల నొప్పి గురించి ఒక సందేశం ఫోన్‌ల మధ్య తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "వయసు మీద పడ్డాక పాదాలు నొప్పి పెట్టడం మామూలే. ఆర్థ్రైటిస్ వచ్చేది మోకాళ్లకి, పాదాలకి కాదు. అనుమానముంటే ఎక్స్‌రే తీయించండి, అందులో లేకపోతే లేనట్టే. ఉందని తేలితే నడక మానేయడమే మందు." నాలుగు ముక్కల్లో ఒక్కటి కూడా సరిగ్గా లేదు.

రెండో ముక్కతో మొదలుపెడతాను, అసలు తప్పు అక్కడే ఉంది. ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర పేరు నమోదై ఉన్న 50 ఏళ్లు, ఆపై వయసువాళ్లను పట్టుకుని, పాదాల మీదే ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం నొప్పితో పాటు ఎక్స్‌రేలోనూ కనిపించే పాదాల ఆస్టియో ఆర్థ్రైటిస్ (జనం "కీళ్ల అరుగుదల" అనే రకం ఆర్థ్రైటిస్) 16.7 శాతం మందికి ఉంది. అంటే ఆరుగురిలో ఒకరికి. బొటనవేలి మొదట్లోని కీలుకి ఎక్కువగా వస్తుంది. దాని గురించి వినే ఉంటారు. పాదం మధ్యలోని చిన్న కీళ్లను మాత్రం చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. అక్కడా ఇది తక్కువేం కాదు.

ఇక "మామూలే" అన్న మాట. వయసుతో ఈ జబ్బు పెరుగుతుందన్నది నిజమే, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ ఆరో మనిషిని చూడండి. అలాంటివాళ్లలో నలుగురిలో ముగ్గురు పాదం వల్ల రోజువారీ పనులకే ఇబ్బంది పడుతున్నామని చెప్పారు. దాన్ని మామూలు అనడం నాకు చేతకాదు. పైగా అదే అధ్యయనంలో పాదాల నొప్పి ఉన్న 533 మందిని విడిగా చూస్తే, దాదాపు 64 శాతం మందిలో ఎక్స్‌రేలో ఆర్థ్రైటిస్ కనిపించలేదు, లేదా నామమాత్రంగానే ఉంది. కాబట్టి పాదం నొప్పి అనగానే "అరిగిపోయింది" అనేయడమూ తప్పే. (అసలు ఆ మాటతోనే నాకు పేచీ. ఎముక, కీలు చుట్టూ ఉండే పొర, గుజ్జు అన్నీ మారే జబ్బు ఇది. చెప్పు అడుగులా అరిగేది కాదు.)

ఎక్స్‌రే సంగతి. పరిశోధకులు ఎక్స్‌రే వాడారు కదా అంటారేమో. జనంలో లెక్క కట్టడానికి అందరికీ ఒకే కొలత కావాలి, అందుకు. అప్పుడు కూడా నిలబెట్టి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీశారు, ఎందుకంటే ఒక కోణంలో దొరకనిది ఇంకో కోణంలో దొరుకుతుంది. డాక్టర్ గదిలో లెక్క వేరు. 45 ఏళ్లు, ఆపై వయసున్న మనిషికి కదిలినప్పుడు కీలు నొప్పి, పొద్దున లేవగానే బిగుతు లేకపోవడం, ఉన్నా అరగంటలోపే సర్దుకోవడం ఉంటే ఎక్స్‌రే లేకుండానే నిర్ధారించవచ్చని బ్రిటన్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎక్స్‌రే బాగుండి నొప్పి ఉన్నవాళ్లూ, ఎక్స్‌రే బాగోక నొప్పి లేనివాళ్లూ ఉన్నారు. బొటనవేలి కీలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాస్తే మాత్రం అది గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) కావచ్చు, వెంటనే చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు పాదం వాపును అసలు ఆలస్యం చేయకూడదు.

నడక మానేయడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆస్టియో ఆర్థ్రైటిస్‌కి వ్యాయామం మొదటి వరుస చికిత్సల్లో ఒకటి. మానేస్తే కండరాలు బలహీనపడి, బరువు పెరిగి, పాదం మీద భారం ఇంకా ఎక్కువవుతుంది. మార్చాల్సింది చెప్పుల్ని. బొటనవేలి కీలు జబ్బున్న 100 మందిపై 2021లో వెలువడిన ఒక ట్రయల్‌లో, బూటు లోపల పెట్టే గట్టి కార్బన్ ఫైబర్ అట్ట 12 వారాల్లో పోలిక కోసం పెట్టిన ఉత్తుత్తి అట్ట కంటే నొప్పిని కొంత ఎక్కువగా తగ్గించింది. అడుగు వేసేటప్పుడు వేలు పైకి వంగడాన్ని అది తగ్గిస్తుంది, అంతే.