డిస్క్ తగిలించి ఉంచాలా, తీసి దాచాలా?

చిక్కడపల్లిలో ఒక చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఓ కవితా సంపుటి. నడిపేది అత్తయ్య. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని తెచ్చాడు. షాపు కంప్యూటర్‌కి బ్యాకప్ పెట్టాలి. ఎలా పెట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది. ప్రూఫుల కోసం కూర్చున్న నేను మధ్యలో దూరలేదు, బ్రాకెట్లలో తప్ప.

మేనల్లుడు: ఇందులో ఆలోచించేదేముంది అత్తా? సీపీయూకి తగిలించి వదిలేద్దాం. విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఉంది. ఆన్ చేస్తే గంటకోసారి మారిన ఫైళ్లన్నీ అదే డిస్క్‌లోకి పంపేస్తుంది. నువ్వు దాని మొహం కూడా చూడక్కర్లేదు.

అత్తయ్య: రోజంతా కంప్యూటర్‌కే అతుక్కుని ఉంటే అది బ్యాకప్ ఎలా అవుతుందిరా? నేను శనివారం సాయంత్రం పెడతాను, కాపీ చేస్తాను, తీసి బ్యాగులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్తాను.

మేనల్లుడు: శ్రావణమాసంలో కూడానా? ముహూర్తాలు వరసబెట్టి ఉంటే నువ్వు అన్నం తినడమే మర్చిపోతావు, శనివారం గుర్తుంటుందా? పని ఎక్కువున్న రోజుల్లోనే కాపీ తప్పిపోతుంది. పోతే ఎక్కువ నష్టమూ ఆ రోజుల పనికే.

అత్తయ్య: మర్చిపోతే ఒక వారం పని పోతుంది. తగిలించి ఉంచితే మొత్తం పోతుంది. ఈ షాపుకి రోజూ ఎన్ని పెన్ డ్రైవ్‌లు వస్తాయో చూడు. ఏది ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఎవరికి తెలుసు? ఫోల్డర్లు షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్‌తో ఒకప్పుడు చచ్చాం. ఇప్పటివి ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రకం. 2017 మే నెలలో వాన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకే దిక్కు లేకపోయింది. అలాంటివి కనబడ్డ డ్రైవ్‌నల్లా పట్టుకుంటాయి. నీ కొత్త డిస్క్‌ని చూసి జాలిపడవు.

మేనల్లుడు: దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చిందత్తా. అప్‌డేట్ వేసుకోనివాళ్లే దొరికిపోయారు.

అత్తయ్య: ఇది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దీని మామూలు సపోర్ట్, అంటే అప్‌డేట్లు ఇవ్వడం, అయిపోయిందని చెప్పింది నువ్వే.

(మేనల్లుడు కాసేపు డిస్క్ అట్టపెట్టె మీద రాసింది చదువుకున్నాడు.)

అత్తయ్య: పైగా ఇది చిన్న డిస్క్, కరెంటు కూడా ఆ యూఎస్‌బీ లోంచే తీసుకుంటుంది. ఉరుముల రోజు లోపల కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా కాలిందంటే దాంతోపాటు ఇదీ పోవచ్చు.

మేనల్లుడు: సరే, ఆ భయం నిజమే. మరి నీ పద్ధతి సంగతి? కంట్రోల్ సి, కంట్రోల్ వి. ఇదే పేరుతో ఫైలు ఉంది, ఏం చేయమంటావని అడుగుతుంది. నువ్వు చదవకుండా రీప్లేస్ కొడతావు. గురువారం పాడైన ఫైలు శనివారం వెళ్లి డిస్క్‌లో బాగున్నదాన్ని చెరిపేస్తుంది. ఇక రెండు చోట్లా పాడైందే ఉంటుంది. ఫైల్ హిస్టరీ అయితే పాతదాన్ని తేదీతో సహా ఉంచుతుంది. మొన్న పెళ్లికూతురి నాన్న వచ్చి, 'మొదట చూపించిన కార్డే బాగుందమ్మా' అంటే ఏం చేశావు?

అత్తయ్య: మళ్లీ మొదట్నుంచి కొట్టాను. ఆ ఒక్కసారే పాతదాని మీద సేవ్ చేశాను. లేకపోతే ఫైనల్, ఫైనల్ వన్, ఫైనల్ లాస్ట్ అని విడివిడిగానే పెడతాను కదా.

(ఆ ఫోల్డర్ నేను చూశాను. 'ఫైనల్ లాస్ట్ ఓకే' తర్వాత కూడా ఇంకో రెండున్నాయి. ఈ పాయింట్ అబ్బాయిదే.)

అత్తయ్య: అది సరే, నీ ఫైల్ హిస్టరీ ఏమేం దాస్తుందో చెప్పు.

మేనల్లుడు: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్...

అత్తయ్య: నా పనంతా డి డ్రైవ్‌లో ఉంది.

మేనల్లుడు: సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్ యాడ్ చేస్తే చాలు.

అత్తయ్య: చెయ్యకపోతే? గంటగంటకీ బ్రహ్మాండంగా పని చేస్తున్నట్టే ఉంటుంది, లోపల చూస్తే ఒక్క శుభలేఖా ఉండదు. సరే, యాడ్ చేశావు. ఇదిగో ఈ పెన్ డ్రైవ్‌లో జానపద గేయాల పుస్తకం ఉంది, వర్డ్ ఫైలు. నీ ల్యాప్‌టాప్‌లో తెరువు.

(తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యమధ్య కొటేషన్ గుర్తులు. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు.)

అత్తయ్య: నీ దాంట్లో అను ఫాంట్లు లేవు. ఇది యూనికోడ్ కాదు, ఆ ఫాంటు ఉంటేనే తెలుగు కనిపిస్తుంది. ఫాంట్లుండేది సి డ్రైవ్‌లో, విండోస్ ఫోల్డర్‌లో. నీ ఫైల్ హిస్టరీ అటు తొంగి కూడా చూడదు. ఇక పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ సంగతి చెప్పక్కర్లేదు. దాని సెటప్ సీడీలో ఉంది, ఇప్పుడొచ్చే కంప్యూటర్లకి సీడీ డ్రైవే ఉండట్లేదు.

మేనల్లుడు: అయితే సిస్టమ్ ఇమేజ్ తీద్దాం. విండోస్, ఫాంట్లు, పేజ్‌మేకర్ అన్నీ కలిపి సి డ్రైవ్ ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది. లోపలి హార్డ్ డిస్క్ పోతే కొత్తది వేసి అందులోకి దించుకోవచ్చు.

అత్తయ్య: పోయేది హార్డ్ డిస్క్ ఒక్కటే అయితే సంతోషమే. మదర్‌బోర్డు పోయి వేరే కంప్యూటర్ కొంటే, ఈ ఇమేజ్ దాని మీద లేస్తుందని రాసిస్తావా?

మేనల్లుడు: రాసివ్వలేను. లేవకపోవచ్చు.

అత్తయ్య: అందుకని ఇమేజ్ ఉంటే ఉండనీ. ఫాంట్లు, సెటప్‌లు, సీరియల్ నంబర్లు మాత్రం విడిగా ఒక ఫోల్డర్‌లో మామూలు కాపీగా ఉండాలి.

(ఈ వాదనలో అసలు సరుకు ఇదేనని నా అభిప్రాయం. బ్యాకప్ అనగానే ఎన్ని టీబీలు, ఎంత స్పీడు అంటారు. తీసిన కాపీని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశారా అని అడిగేవాళ్లు తక్కువ.)

మేనల్లుడు: ఇంత గొడవెందుకు, క్లౌడ్‌లో పెట్టేద్దామా?

అత్తయ్య: గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. నా డి డ్రైవ్ 300 జీబీ.

మేనల్లుడు: డబ్బు కట్టొచ్చు. కాకపోతే మీ నెట్‌కి అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్, ఆగకుండా ఎక్కించినా దాదాపు రోజున్నర పడుతుంది. ఆ తర్వాత మారినవే వెళ్తాయి.

అత్తయ్య: ఇప్పుడు నడుస్తున్న పనులు పెట్టు, చాలు. మిగతాది నా బ్యాగులో.

మేనల్లుడు: బ్యాగెందుకు? ఇక్కడే బీరువాలో పెట్టొచ్చుగా?

అత్తయ్య: 2020 అక్టోబర్ 13 రాత్రి వాన గుర్తుందా? ఊళ్లో ఎన్ని సెల్లార్లు మునిగాయి! కంప్యూటర్, బీరువా ఒకే గదిలో ఉంటే నీళ్లొచ్చినప్పుడు రెండూ మునుగుతాయి.

మేనల్లుడు: సిటీ బస్సులో ఆ బ్యాగు పోతే? జనాల ఆధార్ కాపీలున్నాయి, ఆడపిల్లల ఫోటోలున్నాయి. బ్యాగులో పెట్టేటట్టయితే బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి పాస్‌వర్డ్ తాళం, పెట్టి తీరాలి. నీది విండోస్ ప్రో కాబట్టి పెట్టుకోవచ్చు.

అత్తయ్య: పాస్‌వర్డ్ మర్చిపోతే?

మేనల్లుడు: 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. ప్రింట్ తీసి ఇంట్లో దాచు. డిస్క్ ఉన్న బ్యాగులో మాత్రం పెట్టకు.

అత్తయ్య: దీనికి ఒప్పుకుంటాను. జనాల కాగితాలు బయట పడకూడదు.

మేనల్లుడు: అయితే ఇంకోటి కూడా ఒప్పుకో. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఉంది, 3-2-1. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ మీద, ఒకటి వేరే చోట. ఒక్క డిస్క్‌తో ఇది తేలదు. తగిలించి ఉంచేది ఒకటి, బ్యాగులోది ఒకటి ఉండాలి.

అత్తయ్య: వేరే చోట అన్నాడు కదా, అదే నేను ఇందాకట్నుంచీ చెప్తున్నాను. నా పాత 500 జీబీ డిస్క్‌ని తగిలించుకో. కొత్తది నాది.

మేనల్లుడు: తలకిందులుగా ఉందత్తా. పాత వెర్షన్లన్నీ పోగయ్యేది తగిలించిన దాంట్లోనే. 500 జీబీ ఎన్నాళ్లొస్తుంది? పైగా అది ఎప్పుడు మొరాయిస్తుందో తెలీదు.

అత్తయ్య: మొరాయిస్తే నాకు వారం పని పోతుంది. బ్యాగులోది మొరాయిస్తే షాపే పోతుంది.

(ఇద్దరూ నావైపు చూశారు. నేను ప్రూఫుల్లోకి తలదించుకున్నాను. అడిగి ఉంటే అత్తయ్యకే ఓటేసేవాణ్ణి.)

మేనల్లుడు: ముందు ఒక కాపీ అయితే కానీ. తర్వాత పోట్లాడుకుందాం.

అత్తయ్య: వెనక నీలం పోర్టుకి పెట్టు. నల్లదానికి పెడితే గంటలో అయ్యేది మూడు గంటలు పడుతుంది.

మేనల్లుడు: (వంగి కేబుల్ మారుస్తూ) చిన్న ఫైళ్లు ఎక్కువున్నాయి. నీలందానికైనా గంట దాటుతుంది.

అత్తయ్య: దాటనీ. తీసేటప్పుడు మాత్రం ఎజెక్ట్ కొట్టకుండా లాగావో, ఊరుకోను.