ట్రైలర్‌తో పాటు వచ్చిన టైరు గారికి

అయ్యా టైరు గారూ,

ఇక్కడ టెక్సాస్‌లో మేమంతా క్షేమం, మీరింకా పేలలేదు కాబట్టి మీరూ క్షేమమే అనుకుంటున్నా.

ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లులాంటి ట్రైలర్ కొనేటప్పుడు మీ గురించి ఒక్కడూ నోరెత్తడు సార్. కరెంటు ఫైర్‌ప్లేస్ చూపిస్తారు, బటన్ నొక్కితే గోడ బయటికి జరిగే స్లైడవుట్ చూపిస్తారు, ఇంటావిడ సోఫాలో కూర్చుని కలర్ బాగుందండీ అంటుంది, అంతే సంతకాలు అయిపోతాయి. ఇల్లంతా మోసే మీరేమో కింద నల్లగా మెరుస్తూ ఏమీ ఎరగనట్టు ఉంటారు. గ్రూవులు చూసి కొత్తవే కదా అనుకుంటాం, అక్కడే దెబ్బ కొట్టారు మీరు. కారు టైరు అరిగిపోయి పోతుంది, మీరు అరక్కుండానే ముసలైపోతారు, ఏడాదిలో ఎక్కువ రోజులు సైడ్ యార్డులో ఎండకి ఒకే చోట బరువు మోస్తూ రబ్బరు గట్టిపడిపోయి అయిదారేళ్ళకి రిటైర్ అవ్వాల్సి వచ్చినా పైకి మాత్రం నవయవ్వనమే.

పోనీ వయసెంతో చూద్దామంటే అదో యజ్ఞం. మీ పక్క గోడ మీద అచ్చేసిన డాట్ నంబర్లో చివరి నాలుగంకెలు, 2319 అంటే 2019లో 23వ వారం పుట్టారని. ఆ పూర్తి నంబరు చాలాసార్లు ఒక పక్కే ఉంటుంది, బిగించిన మహానుభావుడు సరిగ్గా ఆ పక్కనే లోపలికి తిప్పుతాడు, ఇంక వీపు కింద అట్టముక్క వేసుకుని ఫోన్ టార్చ్ నోట కరుచుకుని యాక్సిల్ కిందికి దూరాలి, ఈలోపు పక్కింటాయన వచ్చి ఆర్ యూ ఓకే అంటాడు.

మోత లెక్క ఇంకా ముచ్చట. మీ సైజు ఎస్‌టీ (అంటే ట్రైలర్ టైరు) 205/75 ఆర్14, బరువు మోసే తరగతి లోడ్ రేంజ్ సీ, 50 పీఎస్ఐ ప్రెషర్ గాలితో ఒక్కొక్కరు మోసేది 1760 పౌండ్లు, నలుగురూ కలిస్తే 7040. సామానుతో కలిపి ట్రైలర్ లిమిట్ 7000 అనుకోండి, మిగిలింది 40, అంటే రెండు 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు. ముందు బరువు కొంత ట్రక్కు మోస్తుంది కదా అంటారు, నిజమే, కానీ ఫ్రిజ్జూ కిచెనూ స్లైడవుటూ ఒకే పక్క ఉంటే ఆ పక్క ఇద్దరి నడుం విరగదా? పైగా మనవాళ్ళు లిమిట్ దగ్గర ఆగుతారా, గ్రైండర్ లేనిదే క్యాంపింగ్ ఏంటి అంటారు, 40 గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు నింపితే అదే 330 పౌండ్లు.

స్పీడంటారా, మీ జాతికి ఏళ్ళ తరబడి గంటకి 65 మైళ్ళే హద్దుగా ఉండేది. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్ళు 55 దాటకూడదు, ఇక్కడ వెస్ట్ టెక్సాస్ ఐ-10 హైవే మీద బోర్డే 80 అంటుంది, మా బావమరిది 78లో క్రూజ్ పెట్టి పల్లీలు నములుతాడు. రెండు యాక్సిళ్ళ బండిలో మీలో ఒకరు పేలినా రెండోవాడు లాక్కొచ్చేస్తాడు, ట్రక్కులో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు, ఊడిన ట్రెడ్డు, అదే మీ పై రబ్బరు పొర, చర్నాకోలలా తిరిగి ఫ్లోరూ వైర్లూ గ్యాస్ పైపూ చీరేస్తుంటే వెనకొచ్చే వాడెవడో హారన్ కొట్టి చెప్పాలి.

మీకు చైనా బాంబ్ అని ముద్దుపేరు పెట్టారిక్కడ. నాకది నచ్చదు, అక్కడ చేసినవాటిలో మంచివీ ఉన్నాయి, చవకలో చవక ఏరి బిగించినవాణ్ణి వదిలేసి ఊరిని తిట్టడమేంటి.

సరే అసలు విషయం. సామానంతా ఎక్కించి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ అనే లారీల కాటా మీద తూకం వేయించాను, కాగితం చూశాక మీ మీద జాలేసింది. అందుకే ఇదే సైజులో లోడ్ రేంజ్ డీ వాళ్ళు వస్తున్నారు, 65 పీఎస్ఐ, తలా 2040 పౌండ్లు. రిమ్ము అంత గాలికి తట్టుకుంటుందని దాని మీద ముద్ర చూసే ఆర్డర్ పెట్టా, వాల్వులు కూడా మార్పిస్తున్నా, ప్రెషర్ సెన్సార్లు వేరే.

శనివారం మీ ఆఖరి డ్యూటీ. కనీసం స్పేర్‌గా అయినా ఉంచుకోమంటారేమో, ఆ పోస్టులో ఆల్రెడీ మీ తమ్ముడున్నాడు, వాడూ మీరు పుట్టిన వారమే పుట్టాడు, వాణ్ణీ పంపించేస్తున్నా.

ఇట్లు,
మీ బరువు