పాత బండికి అప్పు పుట్టదు

మైపాడు వైపు రొయ్యల చెరువుల నుంచి ఐస్ పెట్టెలు మోసే ఒక చిన్న గూడ్స్ బండి గత నెల నెల్లూరు ఆటోనగర్‌లోని ఒక షెడ్డుకు వచ్చింది. ఇంజిన్ శబ్దం బాగానే ఉంది. మెకానిక్ కిందికి దూరి, స్క్రూడ్రైవర్ మొనతో ఛాసిస్‌ను, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రాన్ని, గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. సుత్తితో తడుతూ వెళ్లాడు. గట్టి ఇనుము ఉన్నచోట ఖంగుమంది, వెనుక చక్రాలకు కొంచెం ముందున్న అడ్డపట్టీ దగ్గర మాత్రం పగిలిన మట్టికుండలా మొద్దుగా పలికింది. ఐస్ కరిగి పెట్టెల్లోంచి కారే ఉప్పునీరు ఏళ్ల తరబడి అక్కడే నిలిచి దాన్ని తినేసింది. ఓనరు అంతా విని, ‘అన్నా, బండి తిరగడానికి ఏం కావాలో అది చెయ్యి, మిగతాది రొయ్యల పట్టుబడి డబ్బులొచ్చాక చూద్దాం’ అన్నాడు.

ఆ మాటను నిర్లక్ష్యం అనుకోవడం తేలిక, కానీ అది చేతిలో ఉన్న డబ్బును బట్టి వచ్చిన మాట. కావలి నుంచి ఒంగోలు దాకా, చీమకుర్తి గ్రానైట్ లారీల నుంచి కూరగాయల ఆటోల వరకు, పాత బండ్ల మీద బతికేవాళ్లు రోజూ ఇదే మాట అంటుంటారు. వాళ్లను దెబ్బతీసేది రిపేరు ఖర్చు పెద్దదిగా ఉండటం ఒక్కటే కాదు. ఆ ఖర్చు వచ్చిన రోజున న్యాయమైన వడ్డీకి డబ్బు ఎక్కడా పుట్టకపోవడమే అసలు దెబ్బ అని నా అభిప్రాయం.

వాయిదా వేసిన రిపేరు ఉన్నచోట ఉండదు. రేడియేటర్ పైపు దగ్గర సన్నగా కారుతుంటే, కూలెంట్ కొనలేక తీర మండలాల్లోని బోరు ఉప్పునీళ్లే పోసి నడుపుతారు. ఆ నీటిలోని ఉప్పు, సున్నం లోపల పేరుకుని రేడియేటర్ గొట్టాలు పూడుకుపోతాయి. ఎండాకాలం లోడుతో వెళ్తున్నప్పుడు ఇంజిన్ వేడెక్కి ఇంజిన్ పైమూత (హెడ్) కింద ఉండే హెడ్ గాస్కెట్ కాలిపోతుంది, హెడ్ వంకరపోయి లేత్ షాపుకు చేరుతుంది. పైపు, క్లిప్పు మార్చితే కొన్ని వందలతో పోయే పని వేలల్లోకి వెళ్తుంది, పైగా బండి షెడ్డులో నిలబడ్డ రోజుల కిరాయి పోతుంది. బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టల్లోని (కమాన్ కట్టల) బుష్‌లు అరిగిపోయినా అంతే, ఇరుసు పక్కకు జరిగి కొత్త టైరును ఒకే వైపు తినేస్తుంది.

ఈ దశలో చాలామంది ఒక తప్పు లెక్క వేస్తారు. బండి అమ్మితే లక్షన్నర రాదు, దానికి అరవై వేల రిపేరేమిటి అని ఇంట్లోవాళ్లు కూడా అంటారు. రిపేరు ఖర్చును పోల్చవలసింది పాత బండి అమ్మకం ధరతో కాదు, దాని బదులు తేవలసిన బండి కిస్తీలతో. కొత్త బండికి నెలకు 14,000 రూపాయల కిస్తీ అనుకుంటే, అరవై వేలు నాలుగు కిస్తీల పైచిలుకు. రిపేరు తర్వాత ఏడాది నికరంగా తిరిగే బండి అయితే అది మంచి బేరమే. అయితే ఈ లెక్కకు ఛాసిస్ గట్టిగా ఉండాలి. ఇంజిన్, గేర్‌బాక్స్, క్లచ్ మార్చుకోవచ్చు గానీ, నిలువు పట్టీలే తుప్పుపట్టిన బండి మీద పెట్టే డబ్బు ఎన్నటికీ తిరిగి రాదు. ఆ బండిని వదులుకోవడమే మేలు.

ఇక అప్పు సంగతి. కొత్త బండి కొంటే షోరూములోనే ఫైనాన్స్ మనిషి కూర్చుని ఉంటాడు, బండే తాకట్టు గనుక. అదే మనిషిని పాత బండి ఇంజిన్ పనికి అప్పు అడిగితే చూపించడానికి తాకట్టు ఉండదు. అప్పుడు మిగిలేది ఇంట్లో బంగారం లేదా నూటికి మూడు రూపాయల వడ్డీ. అరవై వేలకు నెలకు 1,800, ఆరు నెలలకు 10,800. బండిని కాపాడుకునేవాడి కంటే కొత్తది కొనేవాడికి చౌకగా అప్పు దొరికే పద్ధతిలో పేదవాడి చేతిలో బండి త్వరగా చస్తుంది. 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేని రుణం ఉంది. ఒక ఇంజిన్ పనికి దాదాపు సరిపోయే మొత్తం అది. బ్యాంకులు షెడ్డు బిల్లును చూసి నేరుగా మెకానిక్‌కు చెల్లించే పద్ధతి పెడితే దుర్వినియోగం భయం కూడా ఉండదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2019లో వాహన మిత్ర పేరుతో సొంత ఆటో, ట్యాక్సీ నడిపేవాళ్లకు ఏటా 10,000 ఇచ్చారు. 2025 అక్టోబరులో ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద 15,000 ఇచ్చారు. ఇవి మనుషులను ఎక్కించుకునే బండ్లకే, రొయ్యలు మోసే బండికి కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడం నిజమైన ఊరట. అసలు ధర పది వేలున్న సామాను మీద వెయ్యి రూపాయలు తగ్గింది. మరోవైపు పదిహేనేళ్లు దాటిన కారు ఆర్సీ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కు, లారీ ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఫీజును 1,500 నుంచి 12,500కు పెంచారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ పరీక్ష ఉండటం న్యాయం, బ్రేకు లేని బండి రోడ్డు మీదికి రాకూడదు. కానీ పరీక్షకు ముందు బ్రేకులకు పెట్టవలసిన డబ్బును పరీక్ష ఫీజే మింగేస్తే ఆ పరీక్ష ఉద్దేశం నెరవేరదు. తుక్కుకు ఇస్తే రోడ్ ట్యాక్సులో వచ్చే రాయితీ కూడా కొత్త బండి కొనగలిగినవాడికే.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవడం అనవసరం, అరుగుదలకు, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు అది వర్తించదు. ఓనరు తన వంతుగా చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి ట్రిప్పు కిరాయి నుంచి కొంత బండి పేరున పక్కన పెట్టడం, ఐస్ లోడు దించిన వెంటనే కింది భాగాన్ని మంచినీళ్లతో కడగడం, ఒకే మెకానిక్ దగ్గర పని చేయించి ఏ సామాను ఎప్పుడు మార్చారో పుస్తకంలో రాయించుకోవడం. బ్రేకులు, స్టీరింగు, ఛాసిస్ ఈ మూడింటినీ ఎంత ఇబ్బందిలోనూ వాయిదా వేయకూడదు.

మైపాడు బండికి ఆ సాయంత్రం బ్రేక్ లైనర్లు, కమాన్ బుష్‌లు వేశారు. పాత సామాను నుంచి పనికొచ్చేది ఏరి, లేబర్ ఛార్జీలో సగం అప్పు పెట్టుకున్నాడు మెకానిక్. అడ్డపట్టీ పనికి మాత్రం డబ్బు సరిపోలేదు. దాని మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ‘అబ్బయ్యా, ఇది బాగయ్యేదాకా టన్ను దాటి ఎక్కించబాక’ అని చెప్పి పంపాడు. మర్నాడు తెల్లవారుజామునే చెరువు దగ్గర లోడు ఉంది.