కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయమనే ఇల్లరికపు అల్లుడుగారికి

జిల్లాలాంటి కౌంటీలో సర్కారు తరఫున నేరాల కేసులు నడిపే మహారాజశ్రీ కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయం వారికి, న్యూజెర్సీలో ఒక చిన్న ఇంటికీ, ఆ ఇంటికి మించిన పన్నుకూ యజమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మా ఆవిడ కాసులపేరు అక్కడ మీ దగ్గర క్షేమంగా ఉందని తలుస్తాను.

మిమ్మల్ని అల్లుడుగారూ అని పిలుస్తున్నందుకు మరోలా అనుకోకండి. ఏడాదిగా మీ పుట్టుపూర్వోత్తరాలు చదువుతున్నాను, ఇంకే వరుసా కుదరలేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మీ వాళ్లను జనం ఓట్లు వేసి ఎన్నుకుంటారు. ఇక్కడ అలా కాదు. సంబంధం కుదిర్చేది గవర్నర్. అక్షింతలు వేసేది రాష్ట్ర సెనేట్. 1947 నాటి రాష్ట్ర రాజ్యాంగం పెట్టిన లగ్నం ప్రకారం కాపురం అయిదేళ్లు. గడువు తీరినా, కొత్త అల్లుడు గుమ్మం తొక్కేదాకా పాత అల్లుడు కదలనక్కర్లేదు. పెద్దరికం రాష్ట్ర అటార్నీ జనరల్‌ది. ఇన్ని జరిగాక మూడు పూటలా పెట్టేది ఎవరయ్యా అంటే, పెళ్లిచూపులకైనా పిలవని కౌంటీ. అంటే మా ఇల్లు.

మా పెదనాన్న గుంటూరు జిల్లాలో ఏపీపీగా, అంటే సర్కారు తరఫు సహాయ వకీలుగా చేశారు. కేసు కట్టలు సైకిలు వెనక కట్టుకుని వెళ్లేవారు. ఆయనకు జీతం ఇచ్చేదీ రాష్ట్రమే, చీవాట్లు పెట్టేదీ రాష్ట్రమే. మీకు ఆ రెండూ రెండిళ్ల నుంచి వస్తాయి.

ఇంటిపన్నులో ఈ రాష్ట్రాన్ని మించింది దేశంలో లేదు. 2024లో సగటు ఇంటి పన్ను ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. దాన్ని ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో నాలుగు ముద్దలుగా పెడతాం. బిల్లులో బడికి ఒక వరుస, ఊరికి ఒకటి, కౌంటీకి ఒకటి. పప్పులో ఇంగువలా మీరు ఆ కౌంటీ వరుసలో కలిసిపోయి ఉన్నారు. ఒక ఆదివారం వంటింటి బల్ల మీద బడ్జెట్ పుస్తకం పరిచి వెతికితే రెండు పద్దుల్లో దొరికారు: జీతాలు, ఇతర ఖర్చులు. ఆ ‘ఇతర’లోనే ఎక్కడో తన కాసులపేరు ఉంటుందని మా ఆవిడ నమ్మకం.

కాసులపేరు అంటే ఏమిటో మీకు మళ్లీ చెప్పాలా? ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. మేము తిరుపతి వెళ్లిన వారంలో ఇంట్లో దొంగ పడ్డాడు. నెల తిరగకుండా పోలీసులు వాణ్ణీ పట్టుకున్నారు, తాకట్టు కొట్లో సొత్తునూ పట్టుకున్నారు. వాళ్లను మెచ్చుకోవలసిందే. తరవాత కేసు మీ చేతికి వచ్చింది. మీ కాగితంలో మా అత్తగారి నాటి నగ ‘పసుపు రంగు లోహపు గొలుసు, నాణేల వంటి బిళ్లలతో’ అయింది. మొదటి సహాయ ప్రాసిక్యూటర్ కుర్రవాడు, మర్యాదస్థుడు. ఆ నాణేలు చెలామణిలో ఉన్నవేనా అని అడిగాడు. రెండో ఆవిడ గంటసేపు ఓపికగా విని, లక్ష్మీదేవి బొమ్మ దగ్గర నుంచి కొక్కెం దాకా అన్నీ రాసుకుంది. మర్నెలలో జీతం బాగుందని ప్రైవేటు లా కంపెనీకి వెళ్లిపోయింది. మూడో ఆయనకు నోటితో చెప్పే ఓపిక లేక బొమ్మ గీసి పంపాను. ఆ బొమ్మకు కూడా నంబరు వేసి కేసు కాగితాల్లో చేర్చారట.

దొంగగారి వకీలు మాత్రం మొదటి వాయిదా నుంచి ఒకాయనే. ఆయన వకీలును పెట్టుకోలేనివాళ్ల తరఫున వాదించే రాష్ట్ర పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం మనిషి, రాష్ట్ర ఖజానా జీతం. (ఆయన నెత్తిన ఎన్ని కేసులున్నాయో ఆయన ముఖమే చెబుతుంది. ఆ బాధ వేరే ఉత్తరానికి.) ఒకే కోర్టు గదిలో ఒక బల్లకు రాష్ట్రం నుంచి క్యారియర్ వస్తుంది, రెండో బల్లకు మా వంటింటి నుంచి వస్తుంది. ఎవరి కూర చల్లారిందో జడ్జిగారే చూడాలి.

పైగా మీ ఆకలి ఏటేటా పెంచే వాళ్లు వేరే ఉన్నారు, కొత్త నియమాలు పెట్టే రాష్ట్రం వాళ్లు. 2017 జనవరి నుంచి ఇక్కడ డబ్బు కట్టించుకుని బెయిలు ఇవ్వడం దాదాపు పోయింది. మంచి పనే, లేనివాడు జైల్లో, ఉన్నవాడు ఇంట్లో ఉండే రోజులు పోయాయి. ఎవరినైనా లోపలే ఉంచాలంటే మీరు రోజుల వ్యవధిలో జడ్జి ముందు వాదించాలి. ఉంచాక 90 రోజుల్లో గ్రాండ్ జ్యూరీ (కేసుకు ఆధారం ఉందా అని తేల్చే పౌరుల బృందం) చేత అభియోగం పెట్టించాలి, అక్కడి నుంచి 180 రోజుల్లో విచారణ మొదలవ్వాలి. బయట ఉన్నవాడి కేసుకు ఆ గడియారం లేదు. మా దొంగ బయటే ఉన్నాడు. కాబట్టి వాడు వాళ్లింట్లో ఉన్నాడు, మా కాసులపేరు జైల్లో ఉంది.

2021 నుంచి పోలీసుల చొక్కాలకు కెమెరాలు కూడా వచ్చాయి. మేము తిరుపతి నుంచి తిరిగొచ్చిన రాత్రి మా ఇంటికి నలుగురు పోలీసులు వచ్చారు, ముప్పావు గంట ఉన్నారు. మా ఆవిడ కాఫీ ఇస్తాననడం, వాళ్లు వద్దనడం, ఆవిడ మళ్లీ ఇస్తాననడం నాలుగు కోణాల్లో రికార్డయి ఉంటుంది. ఆ మూడు గంటలూ మీ వాళ్లెవరో కూర్చుని చూడాలి, అవతలి వకీలుకు కూడా ఇవ్వాలి. చూసే కళ్ల జీతం ఎవరి వరుసలోకి వచ్చిందో వేరే చెప్పాలా?

‘అల్లుడికి నెయ్యి లేదు, అల్లుడితో కూడా వచ్చినవారికి నూనె లేదు’ అన్న అత్తగారి పాట కౌంటీ పాడకుండా ఉంటుందా? అత్తగారంటే కౌంటీ బోర్డు. 2020 దాకా భూస్వాముల నాటి ‘ఫ్రీహోల్డర్లు’ అన్న పేరు మోసి, 2021లో కమిషనర్లుగా మారింది. పేరు మారినా పిడికిలి అదే. కానీ మీరూ తక్కువ తిన్నవారు కారు. వడ్డన చాలకపోతే అల్లుడు అలిగి జడ్జి గడప ఎక్కవచ్చని 1969లో బిగ్లీ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టే ఖాయపరిచింది. అవసరమని మీరు నిరూపిస్తే, జడ్జి సంతకం పెడితే, అత్తగారు నోరు మూసుకుని ఇంకో గరిటె వేయవలసిందే. బంగారు పళ్లెం కోసం అలిగిన అల్లుళ్లను చూశాను గానీ, కోర్టు ఉత్తర్వు పట్టుకుని పంక్తిలో కూర్చున్న అల్లుణ్ణి మిమ్మల్నే చూశాను.

చేతి ఖర్చు సంగతి కూడా అడగాలి. నేరానికి సంబంధించిందని జప్తు చేసిన కార్లు, నోట్ల కట్టలు కోర్టు ఖరారు చేస్తే చట్టం అమలు పనులకంటూ మీకూ పోలీసులకూ చేరతాయి. ఆ లెక్కలు బయట పెట్టమని 2020లో చట్టం చేసే దాకా అల్లుడి జేబులో ఎంతుందో మామగారికి, అంటే పన్ను కట్టే నాకు, తెలియదు. పట్టినవాడికే వాటా ఉంటే పట్టు బిగుస్తుందని నా అనుమానం. ఆకలిగా ఉన్నవాడిని వంటింటికి కాపలా పెట్టినట్టు.

మొత్తానికి పోయిన నెల మీ ఉత్తరం వచ్చింది, ఏడోది. దొంగ నేరం ఒప్పుకున్నాడట, విచారణ లేదట. ఆశ్చర్యమేమీ లేదు, అమెరికాలో నేర నిర్ధారణలు నూటికి తొంభైకి పైగా ఇలా ఒప్పుకోళ్లతోనే తేలుతాయి. నా బొమ్మను కోర్టులో ఎవరూ చూడలేదన్నదొక్కటే చిన్న వెలితి. రెండు గుర్తింపు కార్డులతో వచ్చి సొత్తు తీసుకెళ్లమన్నారు. మంగళవారం ఉదయం సెలవు పెట్టుకుని వెళ్లాను. కిటికీ వెనక ఉన్నావిడ నా డ్రైవింగ్ లైసెన్సు చూసింది, మీ కాగితం చూసింది, తల అడ్డంగా ఊపింది. మా ఇంటిపేరు మీ కంప్యూటర్ గడిలో పట్టక చివర తెగిపోయిందట. లైసెన్సు మీద ఉన్న మనిషి, కాగితం మీద ఉన్న మనిషి ఒకరు కారు. గాజు తలుపు వెనక ప్లాస్టిక్ సంచిలో కాసులు కనిపిస్తూనే ఉన్నాయి.

సరిదిద్దే గుమాస్తా ఉద్యోగం ఖాళీగా ఉందని, కొత్త బడ్జెట్‌లో భర్తీ చేస్తారని చెప్పింది. మూడు వారాల్లో వరలక్ష్మీ వ్రతం. పోయినేడు మా ఆవిడ అమ్మవారి మెడలో వేయడానికి నగ లేక మీ రసీదు మడిచి కలశం ముందు పెట్టింది.

ఆగస్టు ముద్ద నిన్ననే కట్టాను. నిదానంగా భోంచేయండి.

ఇట్లు,
మీ గడిలో పట్టినంత మేర,
మీ మామగా